ఆవని కొండ కింద ఆకు అడగడానికి వెళ్ళిన రోజు

మూడు నెలలు ఫోన్‌లో లెక్కలు చెప్పి చెప్పి నాకు పిచ్చెక్కింది. కేజీఎఫ్‌లో మాది రెండు గదుల ఇల్లు. ఒక గదిలో నేను తొమ్మిదో తరగతికి త్రిభుజాలు చెబుతుంటే, రెండో గదిలో మా ఆయన ఆఫీసు వాళ్ళతో గొంతు చించుకుంటూ ఉంటాడు. పొద్దున్నే నడక పేరుతో బంగారు గని మట్టి దిబ్బల చుట్టూ తిరిగేదాన్ని. గని మూతపడి ఇన్నేళ్ళైనా మా ఊరికి కొండలంటే అవే. లాక్‌డౌన్ కాస్త సడలించారని తెలిసిన రోజు, ఆవని కొండ ఎక్కి వస్తానన్నాను. "ఏదో ఒక కొండ ఎక్కిరా తల్లీ, పొద్దస్తమానం మా నెత్తినెక్కకుండా" అన్నాడు మా ఆయన. ఆ మాటకు రెండు రోజులు అలిగి, మూడో రోజు ఆదివారం బయల్దేరాను.

బస్సులు ఇంకా సరిగా తిరగడం లేదు. మా వీధి ఆటో సెల్వం రానూపోనూ ఎనిమిది వందలకు ఒప్పుకున్నాడు. వాళ్ళ నాన్న గనిలో పనిచేశాడు, ఇతను ఆటో నడుపుతాడు. సరిగ్గా ఆరుకు రాబర్ట్‌సన్‌పేట దాటాం. బేతమంగళ మీదుగా ఆవని పాతిక కిలోమీటర్ల పైచిలుకు, ఆటోలో గంట పైనే పట్టింది. దారిలో హోటళ్ళేవీ తెరవలేదు, నిమ్మకాయ అన్నం కట్టుకెళ్ళడం మంచిదైంది.

"అక్కా, మాస్కు ముక్కు మీదికి లాగండి. ముందర పోలీసు ఉండాడు. అడిగితే నేను మాట్లాడతాను."

"ఏమని చెప్తావు?"

"టీచరమ్మ కొండ చూడను పోతా ఉండాది అంటాను. వాళ్ళు నమ్మరు. ఇంగ నవ్వి వదిలేస్తారు."

అచ్చం అలాగే జరిగింది.

కొండ తీరిగ్గా ఎక్కితే గంట. మామూలు రోజుల్లో ఆదివారమంటే పైన గుడికి వచ్చే జనం ఉంటారు. ఆ రోజు నేనూ కోతులూ తప్ప ఎవరూ లేరు. యాత్రికులు రాక మూడు నెలలుగా వాటికి తిండి పెట్టే దిక్కు లేదు. నా సంచీ కేసి అవి చూసిన చూపుకు సగం అన్నం అక్కడే పెట్టేశాను. పైనుంచి చూస్తే మామిడి తోటలు, చెలకలు, ఎర్రటి దారులు. గాలి తప్ప చప్పుడు లేదు. మాస్కు తీసి గుండె నిండా ఊపిరి పీల్చుకున్నాను. ఇంత చిన్న పనికి కళ్ళు చెమర్చాయంటే నాకే నవ్వొచ్చింది.

పదింటికి దిగాను. ఊరి చివర ఒక ఇంటి అరుగు నీడలో సెల్వం ఆటో ఆపి నిద్రపోతున్నాడు. నేనూ ఆ అరుగు మీద కూలబడి, అలవాటు కొద్దీ శానిటైజర్ తీసి చేతులకు రుద్దుకున్నాను. అంతే, లోపల్నుంచి ఒకావిడ పరుగున వచ్చింది.

"అమ్మా, ఆ వాసన ఈడ వద్దమ్మా. లోపల పురుగులుండాయి. దూరం పోండి, దండం పెడతాను."

కరోనాకు భయపడి తరుముతోందనుకుని నాకు చర్రున కోపం వచ్చింది. కాదట. ఇంట్లో పట్టుపురుగులున్నాయి. నాలుగు రోజుల్లో గూళ్ళు కట్టాల్సినవి. ఘాటు వాసన తగిలితే మేత మానేస్తాయి. లేచి వెళ్ళి చింతచెట్టు కింద నిలబడి క్షమించమన్నాను. అప్పుడు చూశాను, ఆమె కళ్ళు ఏడ్చి ఏడ్చి ఉబ్బి ఉన్నాయి.

పేరు నారాయణమ్మ. సంగతి ఇది. ముందు రోజు పంచాయతీ వాళ్ళు బ్లీచింగ్ నీళ్ళు కొట్టడానికి వచ్చారు. పురుగులు పెంచేవాళ్ళకు బ్లీచింగ్ మీద మహా నమ్మకం. ప్రతి పంటకూ, అంటే కొత్త పురుగులు తెచ్చే ముందు, ఇల్లంతా దానితోనే కడుగుతారు. అందుకని ఈమే వాళ్ళను బతిమాలి, కంచె పొడుగునా బాగా కొట్టించుకుంది. గాలి వాటుకు ఆ నీళ్ళన్నీ మల్బరీ తోట మీద పడ్డాయి.

"నేనే చెప్పినానమ్మా, ఇంగా కొంచెం కొట్టప్పా, ఇంగా కొంచెం అని. ఇప్పుడు ఆ ఆకేస్తే పురుగు చస్తుంది, వెయ్యకపోతే పస్తుంటుంది. పొద్దున మిగిలిందేదో వేసినాను. మధ్యాహ్నానికి ఒక్క కొమ్మ లేదు."

"ఊళ్ళో ఇంకెవరికీ తోట లేదా?"

ఆమె పక్క చేను కేసి చూసింది. పచ్చగా, నడుమెత్తున మల్బరీ. "వెంకటప్పన్నది. ఈ పంటకు ఆయన పురుగు తేలేదు. ఆకు ఊరికే ఉండాది." అని ఊరుకుంది. నేను వదల్లేదు, టీచరు బుద్ధి ఎక్కడికి పోతుంది. చివరికి చెప్పింది. వెంకటప్ప బెంగళూరుకు కూరగాయల బండి తోలేవాడు. తిరిగొచ్చాక దగ్గు పట్టుకుంది. ఊళ్ళో వాళ్ళు ఆయన ఇంటి దారికి అడ్డంగా ముళ్ళకంప వేశారు. మొదటి మండ తెచ్చింది నారాయణమ్మే. పరీక్షలో ఏమీ లేదని తేలినా మూడు వారాలు ఎవరూ కంప తీయలేదు.

"ఏ మొహం పెట్టుకుని అడిగేది?" అంది.

నేను అడిగొస్తానన్నాను. వెంకటప్ప పెరట్లో తాడు పేనుతున్నాడు, అరవై దాటిన మనిషి. అంతా విన్నాడు. కోపగించుకోలేదు.

"ఆకుదేముంది తల్లీ, పుష్కలంగా ఉండాది. ఆయమ్మనే వచ్చి అడగమను."

"ఆమెకు మొహం చెల్లడం లేదు పెద్దాయనా."

"మూడు వారాలు నా వాకిట్లో మనిషి నిలబడలేదు. పాలమ్మాయి కూడా గోడ మీద పెట్టి పోయింది. ఆయమ్మ వచ్చి నిలబడితే చాలు. ఇంగేం వద్దు నాకు."

తిరిగొచ్చి ఉన్నదున్నట్టు చెప్పాను. నారాయణమ్మ లోపలికి వెళ్ళి పురుగులను చూసి వచ్చింది. కొంగు భుజం చుట్టూ బిగించి నడిచింది. వెనక నేను, నా వెనక ఆవులిస్తూ సెల్వం.

వాకిట్లో నిలబడింది. తల ఎత్తలేదు. వెంకటప్ప తాడు పక్కన పెట్టి లేచాడు. ఆకు మాట వస్తుందని ఆయనా, నేనూ ఎదురుచూస్తున్నాం.

"అన్నా, దాహంగా ఉండాది. రవంత నీళ్ళియ్యి" అంది.

ఆయన లోపలికి వెళ్ళి స్టీలు చెంబుతో తెచ్చి, అలవాటైపోయిందేమో, గోడ మీద పెట్టబోయాడు. ఆమె చెయ్యి చాచింది. ఆయన చేతిలోంచే చెంబు అందుకుని, మాస్కు కిందికి లాగి, చెంబు ఎత్తి పట్టకుండా అంచుకు పెదాలు ఆనించి తాగింది. అంతా తాగింది. వెంకటప్ప మొహం పక్కకు తిప్పుకుని, చూరులో కొడవలి కోసం వెతికాడు. ఆ కొడవలి ఆయన కళ్ళెదుటే ఉంది.

పన్నెండున్నర దాకా నలుగురం ఆకు కోశాం. సెల్వం ఆటోలో సీటు కనబడకుండా కట్టలు నింపాడు. "మా నాయన రాళ్ళు మోసినాడు, నేను సొప్పు, అదే ఈ ఆకు, మోస్తా ఉండాను, అంతే అక్కా తేడా" అన్నాడు. పురుగుల గదిలోకి నన్ను రానివ్వలేదు, నా చేతుల వాసన ఇంకా పోలేదట. బయట నిలబడి విన్నాను. ఆకు మీద సన్నటి చినుకులు పడ్డట్టు మేస్తున్నాయి.

ఇంటికొచ్చాక చాలా రోజులు మనసు బాగాలేదు. మా వీధిలోనూ కరోనా వచ్చిందని ఒక ఇంటి వాకిలికి అడ్డంగా రేకులు కొట్టారు. నేను కంప వేయలేదు, నిజమే. కిటికీ మూసుకున్నాను. ఆ ఇంటివాళ్ళకు పాలెవరు తెచ్చిచ్చారో ఇప్పటికీ నాకు తెలియదు. నారాయణమ్మ చేసిన తప్పు ఊరంతా చూసింది, దిద్దుకున్నదీ చూసింది. నాది ఎవరూ చూడలేదు కాబట్టి నేనెవరి వాకిట్లోనూ నిలబడలేదు. సిగ్గుగా ఉంది, రాసేస్తున్నాను.

మీరు వెళ్ళేట్టయితే ఎండ ఎక్కకముందే, ఏడున్నరకల్లా కొండ మొదలుపెట్టండి. పైన ఏమీ దొరకదు, నీళ్ళ సీసా తప్పకుండా ఉంచుకోండి. కానీ కింద ఊళ్ళో ఎవరైనా చెంబుతో నీళ్ళిస్తే, నా దగ్గర సీసా ఉందని మాత్రం అనకండి.