చెన్నమ్మాళ్ ఎడమ చెవి

మా అమ్మ చెన్నమ్మాళ్ ఎడమ చెవి తమ్మె రెండుగా చీలి ముప్పై ఏళ్ళు దాటింది. కోయంబత్తూరు దగ్గర అన్నూరులో మా ఇంటి వెనక షెడ్డులో నాలుగు పవర్‌లూమ్‌లు ఆడించి నన్ను చదివించిన మనిషి ఆమె. మగ్గం నూలు కమ్మకు చుట్టుకుని లాగేసిందని చెప్పేది. ఆ మాట వచ్చినప్పుడల్లా నాకు ఒళ్ళు మండేది. మిషన్ ముందు నిలబడేదానికి ఎర్రరాళ్ళ కమ్మలెందుకు, తీసి పక్కన పెట్టేంత తెలివి లేదా అని ఎన్నిసార్లు విసుక్కున్నానో. ఆమె తెగిన దారం ముడేసుకుంటూ ఉండేది.

ఇన్నేళ్ళూ కొంగు చెవి మీదికి లాక్కుని గడిపేసింది. ఇప్పుడు నా కూతురు దర్శినికి తొమ్మిది నెలలు. పళని కొండ మీద చెవులు కుట్టించాలని ముహూర్తం పెట్టుకున్నాం. ఆ రోజు మా అమ్మమ్మ ఇచ్చిన ఎర్రరాళ్ళ కమ్మలు రెండు చెవులకూ పెట్టుకుని మనవరాలి పక్కన నిలబడాలని అమ్మ కోరిక. నన్ను నోరు తెరిచి అడిగింది అదొక్కటే. మంచి ప్లాస్టిక్ సర్జన్‌ని వెతుకుదాం అన్నాను. ఆ మాట జగన్నాథన్ మామ ముందు అనడమే నేను చేసిన తప్పు.

జగన్నాథన్ మామ అమ్మకు తమ్ముడు. ఆయన నోట్లో నువ్వుగింజ నానదు. పైగా డాక్టర్ని ఎంచుకోవడంలో మావాళ్ళ పద్ధతే వేరు. ఏం చదివాడని అడగరు, ఇంటిపేరేమిటని అడుగుతారు. మామ మూడు రోజులు ఊరూరికీ ఫోన్లు చేసి కోయంబత్తూరులో ఒకాయన్ని పట్టుకున్నాడు.

“జీవితా, మనోడు దొరికినాడు! డాక్టరు రాజ్‌మోహన్. మా ఇంటిపేరే. అక్కకి తమ్ముడు వరస అయితాడు.”

“ఏం డాక్టరు మామా?”

“మొగం డాక్టరమ్మా. కత్తి పెట్టకుండానే అన్నీ సరి చేస్తాడంట. ఇంకేం కావాల?”

వెళ్ళాం. మొదటి గంట తాతల పేర్లు కలుపుకోవడంలోనే పోయింది. ఆ తర్వాత ఆ డాక్టరు లేచి వచ్చి అమ్మ నుదురు చూశాడు. ముడతలకు ఒక ఇంజెక్షన్ అన్నాడు. బుగ్గలు జారాయి, వాటికింకొకటి అన్నాడు. అరవై ఏళ్ళ మనిషి, చెవి కోసం వచ్చింది!

“చెవికి వచ్చినాము తమ్ముడూ,” అంది అమ్మ బెరుగ్గా.

“దానికీ సూదే చాలు అక్కా. కోత ఏంటికి?”

చీలిన రెండు ముక్కల్లోనూ ఫిల్లర్ అనే మందు ఎక్కించాడు. ఇంటికొచ్చి అద్దంలో చూస్తే చీలిక చీలికలాగే ఉంది, ముక్కలు మాత్రం బొద్దుగా తయారయ్యాయి. నెల ఆగి మళ్ళీ రమ్మన్నాడు. చాలించమని నేను మొత్తుకున్నాను.

“తమ్ముడి వరస అయితాడు. వద్దంటే ఏమనుకుంటాడు కన్నూ?” అంది అమ్మ.

మూడోసారి వెళ్ళినప్పుడు బయట కూర్చుని ఏమీ తోచక గుమ్మం మీది బోర్డు చదివాను. చర్మం, వెంట్రుకలు అని మాత్రమే ఉంది. సర్జరీ ఊసే లేదు. మామ మీద పళ్ళు నూరుకున్నాను. కానీ అంత చదువుకున్న నేను, మొదటి రోజే ఆ బోర్డు చదవొచ్చుగా? అమ్మను లేవదీసి, లోపలికి వెళ్ళకుండానే బయటికొచ్చేశాను.

ఈసారి ఎవరికీ చెప్పలేదు. ప్లాస్టిక్ సర్జరీ చదివినవాళ్ళెవరు, ఇలాంటి చెవులు ఎన్ని కుట్టారు అని నేనే వాకబు చేసి, ఒక పెద్ద ఆస్పత్రిలో డాక్టరమ్మను చూసుకున్నాను. ఆమెకు తెలుగు రాదు, మాకేమీ కాదు. చెవిని అటూ ఇటూ తిప్పి చూసి తమిళంలో తేల్చి చెప్పింది. పూర్తిగా తెగిన తమ్మె సూదులతో అతకదు. అంచులు కోసి కుట్టాలి, చిన్న పనే. కానీ ఆ కుట్టు గట్టిపడి, పక్కన కమ్మకు కొత్త చిల్లు వేయించుకోవడానికి మూడు నెలలు ఆగాలి.

ముహూర్తం మూడు వారాల్లో ఉంది. సూదుల కోసం తిరిగిన రోజులన్నీ గుర్తొచ్చి నాకు ఏడుపొచ్చినంత పనయింది.

“ఎలా తెగింది?” అంది డాక్టరమ్మ కాగితం మీద రాసుకుంటూ.

“మగ్గంలో చిక్కుకుంది. తీసి పెట్టమంటే వింటేగా,” అని అమ్మ బదులు నేనే జవాబు చెప్పాను, అలవాటైన విసుగుతో.

అప్పుడే అమ్మ ఒళ్ళో ఉన్న దర్శిని డాక్టరమ్మ చెవికి వేలాడుతున్న జుంకీ మీదికి చెయ్యి చాపింది. అంతకన్నా ముందే అమ్మ చెయ్యి వెళ్ళి ఆ గుప్పిటను పట్టేసుకుంది. ఆ చిన్న వేళ్ళు ఒక్కొక్కటే విప్పుతూ డాక్టరమ్మతో తమిళంలో మెల్లగా చెప్పింది. మగ్గం కాదట. నేను దర్శిని అంత ఉన్నప్పుడు, పాలు తాగుతూ కమ్మ పట్టుకుని లాగానట.

“ఇన్నేళ్ళు ఏంటికి చెప్పలేదమ్మా?” అన్నాను.

“చెప్పి ఏం చేసేది? పసిబిడ్డకి ఏం తెలుసు? కుట్టేవాళ్ళకి అబద్ధం చెప్పగూడదని చెప్తిని. నువ్వు మనసులో పెట్టుకోవద్దు.”

చిన్నప్పటినుంచీ నేనన్న మాటలన్నీ ఆ గదిలోనే ఒక్కొక్కటిగా గుర్తొచ్చాయి. సిగ్గుతో చచ్చిపోయాను.

బయటికొచ్చి మామకు ఫోన్ చేశాను.

“మామా, చెవులు కుట్టేది మూడు నెలలు తోసేయండి.”

“ఏంటికి? పళనికి వ్యాను చెప్పేస్తిని, చుట్టాలందరికీ చెప్పేస్తిని! నీకేమన్నా పిచ్చా?”

“అమ్మ కమ్మలు పెట్టుకోకుండా నా బిడ్డకు కుట్టించను. అమ్మ చెవి తెంచింది నేనే మామా.”

అవతల మామ అరుపు ఆపి గొంతు తగ్గించాడు. ఆయన అంత మెల్లగా మాట్లాడడం నేనెన్నడూ ఎరగను.

“నాకు తెలుసు కన్నూ,” అన్నాడు. “ఆ పొద్దు నేను ఆడే ఉండాను. నీకు చెప్పొద్దని అక్క ఒట్టు పెట్టించుకునింది. సరి, అందరికీ నేను చెప్పుకుంటాలే. నువ్వు అక్కకి కుట్లేయించి పిల్చుకొని రా.”