బెల్లం బేరంలో జపాను ‘కొంచెం’

నిన్న అనకాపల్లి బెల్లం బజార్లో ఓ జపాను ఇంజనీరు ఏదో గొణిగితే, ఆయన చేతిలోని ఫోను దాన్ని అనువదించి తడుముకోకుండా తెలుగులో ‘వద్దు’ అనేసింది; కొట్టాయన సరేనని బెల్లం దిమ్మను లోపల పెట్టేశాడుగాని, నాకు మాత్రం కుర్రతనం నాటి చెమట మళ్ళీ పట్టింది.

అప్పట్లో విశాఖలో జపాను భాష నాలుగు ముక్కలు నేర్చుకున్న పాపానికి మా మేనమామ నన్ను తన బెల్లం కొట్టుకి దుబాసీని చేశాడు. జపాను నుంచి బేరానికొచ్చిన పెద్దమనిషి సరుకు కొంటే నాకు కొట్టులో ఉద్యోగం. కొనకపోతే చీడికాడలో మా నాన్న చెరకుతోట, అందులో నాకోసం కాచుక్కూర్చున్న తాటిచెట్టంత కత్తి.

ఆయన బెల్లంముక్క నోట్లో వేసుకుని, తల పక్కకి వాల్చి, బజార్లో ఈగలన్నీ లోపలికి పోయేంతగా పళ్ళ సందుల్లోంచి గాలి పీల్చి, ‘చోత్తో...’ అని ఆగిపోయాడు. అంటే ‘కొంచెం’ అని. వాళ్ళు మొహమ్మీద కాదనరనీ, కొంచెం అని వదిలేస్తే మిగతాది మనమే గ్రహించాలనీ మా మాస్టారు చెప్పి ఉన్నారు. బేరం పోయిందని చెప్పే ధైర్యం లేక, కొంచెం అంటున్నారని మాత్రం మావయ్యకి చెప్పాను.

మన ఇళ్ళలో చుట్టం విస్తరి ముందు కొంచెం అన్నాడంటే అడగడానికి మొహమాటపడుతున్నాడనేగా లెక్క. మావయ్య ఇంకో ముక్క పెట్టాడు, అత్త నెయ్యి వేసి మరోటి పెట్టింది. కాదనలేక ఆయన నవ్వుతూ తింటున్నాడు. నవ్వు పెరిగేకొద్దీ మొహంలో రంగు తగ్గుతోంది. ఈయనిక్కడే పడిపోతే రెండు దేశాలకీ యుద్ధమొస్తుందనీ, మొదటి గుండు నామీదే పడుతుందనీ వణికిపోయి, చివరికి ప్రాణాలకు తెగించాను.

“చూద్దాం అంటున్నారు మావయ్యా.”

మావయ్య చెయ్యి గాల్లో ఆగింది. రైతు ధర ఎక్కువ చెప్పినప్పుడల్లా తాననే మాటే అది.

“ముందే సెప్పొద్దేటిరా అల్లుడా. పాపం, ఎంత తినేసేడో సూడు,” అంటూ పళ్ళెం తనే తీసి మంచినీళ్ళందించాడు. ఆయన నడుం వంచి సెలవు తీసుకుంటే, మావయ్యా అంతే వంగాడు.

మర్నాడు మావయ్య నా భుజమ్మీద చెయ్యేసి, కొన్నాళ్ళు నాన్నకి సాయంగా ఉండమన్నాడు. దానికి దుబాసీ అక్కర్లేకపోయింది.

ఇప్పుడు వద్దనడానికి ఎవరికీ చెమట పట్టడంలేదు. ఎదుటివాడు నొచ్చుకుంటాడేమోనని అంత బెల్లమూ నవ్వుతూ మింగే భయం, అప్పట్లో ఒకళ్ళంటే ఒకళ్ళకి ఉండేది.