పలకని బటన్లు

మా మావయ్యకి మేం వలసొచ్చిన బెంగాలీ నగరంలో, ఏక్‌బాల్‌పూర్‌లో కార్లు బాగుచేసే షెడ్డు ఉండేది. అమ్మ కార్పొరేషన్‌లో వీధులు ఊడ్చేది. నాన్న పోయాక నన్ను తీసుకెళ్ళి తన తమ్ముడి దగ్గర పనిలో పెట్టింది. మేముండేదీ ఆయన ఇంట్లోనే. వైరింగ్ పని అక్కడే వచ్చింది నాకు. మావయ్య నేర్పాడని చెప్పలేను. ఆయన తిడుతూ చేసేవాడు, నేను పడుతూ చూసేవాణ్ణి. మీసాలొచ్చి, ఎలక్ట్రికల్ పనంతా నేనే చూసుకునే రోజుల్లో కూడా గిరాకీల ముందు నెత్తిన మొట్టేవాడు.

ఒకరోజు సాల్ట్ లేక్ నుంచి ఒక బ్యాంకు ఆఫీసరు కారు తెచ్చాడు. మన తెలుగాయనే. అంతకు కొన్ని వారాల ముందే స్టీరింగ్ కింద శబ్దం వస్తోందని మా దగ్గరే పని చేయించుకున్నాడు.

"స్టీరింగ్ మీద బటన్లు పలకడం లేదయ్యా. పాట పెంచలేను, తగ్గించలేను. పొద్దున్నుంచి హారన్ కూడా పోయింది. ఈ ఊళ్ళో హారన్ లేకుండా ఎలా నడపమంటారు?" అన్నాడు. మర్నాడు బంద్. సాయంత్రానికల్లా ఇచ్చెయ్యాలని చెప్పి, టాక్సీ ఎక్కి ఆఫీసుకి పోయాడు.

ముందు ఫ్యూజులు చూశాను. బాగానే ఉన్నాయి. రేడియోకి ఉన్న సొంత నాబ్ తిప్పితే పాట పెరుగుతోంది, అంటే రేడియోలో లోపం లేదు. స్టీరింగ్‌ని ఎడమకి పూర్తిగా తిప్పి బటన్ నొక్కి పట్టుకుంటే ఒక్కసారి పాట పెరిగి మళ్ళీ ఆగిపోయింది. దాంతో అర్థమైంది. స్టీరింగ్ వెనక ఒక ప్లాస్టిక్ డబ్బాలో పల్చని పట్టీ తీగ చుట్టచుట్టుకుని ఉంటుంది. చక్రం ఎటు తిరిగినా అది విచ్చుకుంటూ, ముడుచుకుంటూ కరెంటు అందిస్తుంది. క్లాక్ స్ప్రింగ్ అంటాం. బటన్లకీ, హారన్‌కీ, కారు గుద్దుకుంటే ఉబ్బి మనిషిని కాపాడే ఎయిర్‌బ్యాగ్ సంచికీ అదే దారి. మీటర్లో ఎయిర్‌బ్యాగ్ ఎర్రదీపం కూడా వెలుగుతోంది. పట్టీ తెగిందన్నమాట.

ఎందుకు తెగిందో కూడా తెలిసింది. కిందటిసారి మావయ్య చక్రం ఊడదీసి, ఆ చుట్టని మధ్యకి సరిచూసుకోకుండానే మళ్ళీ బిగించేశాడు. చక్రం పూర్తిగా తిప్పినప్పుడల్లా పట్టీ లాక్కుపోయి చివరికి పుటుక్కుమంది.

ఆ మాటే ఆయనతో మెల్లిగా చెప్పాను.

"అంటే నానే తెంపీసినానంటావేటిరా?"

"అలాగనలేదు మావయ్యా. చుట్ట మధ్యకి రాలేదు, అంతే."

నేను బ్యాటరీ తీగ విప్పబోయాను. ఎయిర్‌బ్యాగ్ ముట్టేముందు అది విప్పి కాసేపు ఆగాలి. మావయ్య నా చెయ్యి లాగేశాడు.

"బ్యాటరీ పీకితే రేడియో కోడ్ అడుగుతాది. ఆ కోడ్ నీ అబ్బ సెప్తాడా? అలాగే ఇప్పు."

భయంభయంగానే స్క్రూలు విప్పాను. హారన్ మూత, దాని వెనకే ఎయిర్‌బ్యాగ్, రెండూ కలిసి ఊడి నా కుడిచేతిలోకి వచ్చాయి. పసుప్పచ్చ తీగతో వేలాడుతున్నాయి. మావయ్య అవతలి తలుపులోంచి వంగి, టెస్ట్ ల్యాంప్ ముల్లు పట్టుకొచ్చాడు.

"దీన్లో కరెంటు ఉందో నేదో సూద్దాం. ఇటు తిప్పు."

"ఆ తీగలో గుచ్చకు మావయ్యా, పేలిపోద్ది."

"పిరికి ఎదవా. తిప్పమన్నానా!"

గుచ్చాడు.

బాంబు పేలినట్టయింది. కళ్ళు తెరిచేసరికి కారంతా తెల్లటి పొడి. నా మణికట్టు ఉండాల్సిన వైపు కాకుండా మరోవైపు వంగి ఉంది. కుడి చెవిలోంచి వెచ్చగా ఏదో కారుతోంది. మావయ్య పెదాలు కదులుతున్నాయి కానీ మాట వినపడలేదు. ఎడం చెవి దగ్గరికి వచ్చి అరిచాడు: "సీటంతా పాడుసేసినావు!"

అది పేలుతుందని ఆయన నమ్మలేదు, అందుకే గుచ్చాడు. అంతవరకూ నేను ఒప్పుకుంటాను. ఆ తర్వాత చేసినవన్నీ మాత్రం తెలిసి చేసినవే.

నా చేతికి గమ్ఛా తువ్వాలు కట్టి, "ఇక్కడే కూసో. ఎవులొచ్చినా కారు ముట్టనీకు" అని స్కూటరేసుకుని పాత సామాన్ల బజారుకి పోయాడు. ఆస్పత్రికి కాదు. క్లాక్ స్ప్రింగ్ కోసం. నేను స్టూలు మీద కూర్చుని చెయ్యి ఒళ్ళో పెట్టుకుని ఏడ్చాను. పక్క షెడ్డాయన వచ్చి నీళ్ళు తాగించి, "డాక్టర్ దగ్గరికి పద భాయ్" అన్నాడు. కారు వదిలి వెళ్ళడానికి భయమేసింది.

మావయ్య వచ్చాడు. ఆ చుట్టని చివరిదాకా తిప్పి, మొత్తం తిరుగుడులో సగం వెనక్కి తేవాలని నేనే కూర్చుని చెప్పాను. బిగించాడు. పేలిన సంచిని కుక్కి, చిరిగిన మూతని జిగురుతో అంటించి నల్లరంగు పూశాడు. ఎర్రదీపం బల్బు పీకి జేబులో వేసుకున్నాడు. పొడి అంతా తుడిచి, నన్ను డ్రైవర్ సీట్లో కూర్చోబెట్టాడు.

"ఎడం సేత్తో నొక్కు. నాను బైట నుంచి వింటాను."

నొక్కాను. బటన్లు పలికాయి. రేడియో మీద అంకెలు పెరుగుతున్నాయి. పాట ఎక్కడో గోడ అవతల పాడుతున్నట్టుంది. హారన్ నొక్కితే మావయ్య నవ్వాడు.

ఆఫీసరు కారు తీసుకుపోయాకే నన్ను ఆస్పత్రికి తీసుకెళ్ళాడు. స్కూటర్ మీంచి పడ్డాడని రాయించాడు.

ఇంట్లో అమ్మకి మొత్తం చెప్పాను. "ఆ కారు ఎక్కడైనా గుద్దుకుంటే ఆయన్ని కాపాడ్డానికి సంచి లేదమ్మా. ఆయనకి తెలీదు."

"నువ్వెళ్ళి సెప్తే నీ సెవి తిరిగొస్తాదేటి? మా తమ్ముడు జైలుకెళ్తాడు, అంతే. నోర్ముయ్యి."

వారం తిరక్కుండా కట్టు చేత్తోనే సాల్ట్ లేక్ వెళ్ళి, ఆయన బ్యాంకు వరండాలో నిలబడి చెప్పాను. ఆయన అంతా విన్నాడు. మొహం ఎర్రబడింది. "నా పిల్లలు ఎక్కే కారయ్యా అది!" అన్నాడు. నా చేతికేసి చూశాడు, చూపు తిప్పుకున్నాడు.

"నేను చెప్పానని చెప్పకండి సార్. నాకు ఇల్లు ఉండదు."

ఆయన నా ఎదురుగానే ఫోన్ తీసి మావయ్యకి కలిపాడు. మొదటి మాటే, "మీ మేనల్లుడు వచ్చి అంతా చెప్పాడు" అన్నాడు.

నేను ఇల్లు చేరేసరికి నా సామాన్లు వీధి కాలవలో ఉన్నాయి. కరెంటు చూసే మీటరు, సాల్డరింగ్ ఐరన్, బట్టలు అన్నీ. గుమ్మంలో అమ్మ నిలబడి ఉంది. "నేనేం సెయ్యలేనురా" అని తలుపేసుకుంది.

మావయ్య ఆ కారుకి కొత్త ఎయిర్‌బ్యాగ్ వేసిచ్చాడు. ఆఫీసరు తర్వాత కూడా కారుని ఆయన దగ్గరికే తెచ్చేవాడు. నేను న్యూ టౌన్‌లో ఆఫీసు బండ్లు బాగుచేసే షెడ్డులో చేరాను. కుడి మణికట్టు పూర్తిగా తిరగదు, స్క్రూలు ఎడంచేత్తోనే విప్పుతాను. చేరిన కొత్తలోనే స్టీరింగ్ బటన్లు పలకడం లేదని ఒక బండి వచ్చింది. బ్యాటరీ తీగ విప్పి పక్కన పెట్టి, టీ తాగడానికి బయటికి వెళ్ళాను. ఆగాల్సిన కాసేపు ఎప్పుడో గడిచినా, మళ్ళీ లోపలికి రావడానికి చాలాసేపు పట్టింది.