ఆదివారం బస్సు మీద కక్ష

తొంభైల చివర్లో హిందూపురం పట్టుగూళ్ళ మార్కెట్ పక్కన మా నాయనకొక టిఫిన్ హోటలుండేది. గూళ్ళు తెచ్చిన రైతులు పొద్దున్నే మా బల్లల దగ్గర బొరుగులతో చేసే ఉగ్గాని, బజ్జీ తిని వేలానికి వెళ్ళేవాళ్ళు.

లేపాక్షి చూపించడానికి బెంగళూరు నుంచి ఆదివారాలు బస్సు తెచ్చే గైడొకడు మా దగ్గర ఆగడం మొదలుపెట్టాడు. బస్సు ఎక్కడ ఆపితే అక్కడ గైడుకీ డ్రైవరుకీ ఉచితంగా తిండి పెట్టాలి. ఆ దారిలో అదే రివాజు. మేం తిండి వడ్డిస్తే ఆయన సలహాలు వడ్డించాడు. కారం తగ్గించాలట. ఉగ్గాని మానేసి ఫ్రైడ్ రైస్ పెట్టాలట. బీడీ వాసన అసలు రాకూడదట. అలా చేస్తే రోజూ బస్సులేనన్నాడు. నాయన రైతులను బయట అరుగు మీదికి పంపేశాడు. బల్లలకు తెల్లగుడ్డలు పరిచింది నేనే, నా నిశ్చితార్థమన్నంత శ్రద్ధగా.

కొన్నాళ్ళు బస్సులు నిజంగానే వచ్చాయి. తర్వాత హైవే మీద కొత్త హోటలు వాళ్ళు గైడుకి ఏసీ గది కూడా ఇచ్చారు. గైడంటే దారి చూపేవాడు కదా, మాకు రోడ్డు చూపించాడు.

రైతులను మళ్ళీ పిలవడానికి మార్కెట్‌కి వెళ్ళాను. మడకశిర నుంచి వచ్చే పెద్దాయన నన్ను ఎగాదిగా చూశాడు.

"ఏమప్పా, మీ బస్సు యాడికి పోయినాది?"

"రావడంలేదు పెద్దయ్యా. మీరు రాండి, ఉగ్గాని చేస్తాండాం."

"మా బీడీ కంపు మీ గుడ్డలకు అంటుకుంటాదేమో!"

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. వాళ్ళ కక్ష న్యాయమైనదే. నా కక్ష మాత్రం గైడు మీదే పెట్టుకున్నాను.

సైకిల్ మీద బేసిన్ పెట్టుకుని ఉగ్గాని మార్కెట్‌కే మోశాను. నెలలు గడిచాక ఒక్కొక్కరే బల్లల దగ్గరికి తిరిగొచ్చారు. సరిగ్గా అప్పుడే, హైవే హోటలుతో చెడిందట, గైడు బస్సుతో సహా దిగాడు.

"ఏమబ్బా, వీళ్ళను లేపు. ఫ్యామిలీలు ఉండారు."

"లేపను. అరుగు ఖాళీగానే ఉండాది."

పొయ్యి దగ్గర నుంచి నాయన కేకేశాడు. "రేయ్, బస్సురా!"

నేను గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాను. బస్సు వెళ్ళిపోయింది. నాయన ఆ రోజు నాకు అన్నం పెట్టలేదు. నా కడుపు మాత్రం అన్నం లేకుండానే నిండింది.

గైడు పెనుకొండలో ఇంకో హోటలు పట్టాడని తెలిసి, నిద్రపట్టక, అక్కడికి బస్సెక్కాను. ఓనరు అప్పటికే గైడు చెప్పినట్టు బజ్జీల బాండలి పెరట్లోకి మోయిస్తున్నాడు. అంతా విడమర్చి చెప్పాను. ఆయన నాకు ఓపికగా కాఫీ ఇప్పించాడు.

"ఓర్వలేక చెప్తాండావు కదన్నా?"

"ఓర్వలేకే. అయినా నిజమే."

ఆయన నవ్వి, గోడలకు సున్నం వేసేవాళ్ళ వైపు తిరిగాడు. అప్పటిదాకా నాకు శత్రువు గైడొక్కడే. తిరుగు బస్సులో కూర్చుని ఈయన హోటలు ఎప్పుడు మూతపడుతుందా అని కూడా ఎదురుచూడటం మొదలుపెట్టాను.