ఫ్లాంజిలో అక్షింతలు

లారీ కింద చెడిపోవడానికి ఎన్నో ఉన్నాయి. ఆ ఏడు మాత్రం, సరిగ్గా మా అక్క తోటలో మామిడికాయలు ఎత్తడానికి బయలుదేరిన రోజే, రేణిగుంటలో డిఫరెన్షియల్ పోయింది. వెనక చక్రాలను తిప్పే పళ్ళ చక్రాలన్నీ అందులోనే ఉంటాయి. అది పోతే ఇంజను ఎంత అరిచినా బండి కదలదు. నలుగురిని బతిమాలి తోయించి, రోడ్డు పక్కనున్న, ఇనుము చెక్కే లేత్ షెడ్డు ముందు నిలబెట్టాను.

సెల్‌ఫోను ఇంకా నాలాంటివాడి చేతికి రాని రోజులవి. ఎదురుగా ఉన్న ఎస్టీడీ బూత్ నుంచి వడమాలపేటలో ఒక అంగడికి ఫోన్ చేసి అక్కను పిలిపించాను.

"కాయలన్నీ కోసేసినాము రా. చెట్ల కింద కుప్పలు పోసి ఉండాయి. రేపు సాయంత్రం లోపల తెస్తేనే దించుకుంటామని జ్యూసు ఫ్యాక్టరీ వాళ్ళు చీటీ ఇచ్చినారు. ఈ సీజన్లో ఇంకో లారీ యాడ దొరుకుతాది?"

అక్కకు ఏడాదికంతా అదొక్కటే పంట. "నేనుండాను కదక్కా" అని గొప్పగా అనేసి ఫోన్ పెట్టేశాను. పెట్టేశాక గానీ నా బండికి చక్రమే తిరగదని గుర్తుకు రాలేదు.

మధ్యాహ్నానికి పాత సామాన్ల షెడ్డులో వేరే రకం లారీది ఒక డిఫరెన్షియల్ దొరికింది. లోపల బాగానే కూర్చుంది. తీరా గేర్‌బాక్సు నుంచి వచ్చే పొడుగాటి షాఫ్టును దానికి తగిలించబోతే, ముందుండే గుండ్రటి ఇనప బిళ్ళ, అదే ఫ్లాంజి, కలవలేదు. బోల్టు తూట్లు ఒకచోట ఉంటే షాఫ్టు తూట్లు ఇంకోచోట ఉన్నాయి. ఫ్లాంజి విప్పి లేత్ పనిచేసే పెద్దాయన చేతిలో పెట్టాను. కళ్ళద్దాలకు కాడ విరిగిపోతే దారం కట్టుకున్న మనిషి. ఎంత తొందరున్నా టీ పూర్తిగా తాగాకే లేచే రకం.

"నాలుగు తూట్లు కొత్తగా వెయ్యన్నా, సాలు" అన్నాను.

"బోల్టులుండేది పట్టుకునేదానికప్పా. షాఫ్టును నడిమధ్యలో నిలబెట్టేది ఈ గుంత" అని ఫ్లాంజి మధ్యనున్న గుండ్రటి పల్లాన్ని చూపించాడు. "షాఫ్టు చివర ఎత్తుగా ఉండే గట్టు దీంట్లో సరిగా కూర్చోకుంటే, నువ్వెన్ని బోల్టులు బిగించినా అది తల ఊపతానే ఉంటాది."

ముందు ఆ గుంతను షాఫ్టు గట్టుకు సరిపోయేలా వెడల్పు చేశాడు. పాత తూట్ల మధ్యలో నాలుగు కొత్తవి వేశాడు. అడుగడుగునా కొలిచి కొలిచి నా ప్రాణం తీశాడు. సాయంత్రానికి ఫ్లాంజి అద్దంలా మెరుస్తూ చేతికొచ్చింది.

తెల్లారగానే స్నానం చేసి బిగించడానికి కూర్చున్నాను. కొత్త సామాను బొట్టు లేకుండా బండెక్కకూడదని మా నాయన నాకు స్టీరింగ్ కంటే ముందు నేర్పించాడు. క్యాబిన్లో ఎప్పుడూ ఒక డబ్బీ ఉంటుంది. పసుపు దిట్టంగా కలిపి, కుంకుమ పెట్టి, అక్షింతలు వేసి, దండం పెట్టుకుని బిగించేశాను.

బండి కాస్త వేగం అందుకోగానే కాళ్ళ కింద రేకు జుమ్మంది. గేరు రాడ్డు వణికింది. ముసలాయనకు కళ్ళు కనబడక నడిమధ్య తప్పించేశాడు, అంతే! వెనక్కి తిప్పి, షెడ్డు దాకా తిట్లు కూర్చుకుంటూ వచ్చి, నలుగురి ముందు అరిచాను.

"ఏమినా, సూసుకోని చేసేది లేదా? మా అక్క కాయలు కుళ్ళిపోతే ఎవురు జవాబు?"

ఆయన స్పానర్ తీసుకుని లారీ కింద దూరాడు. షాఫ్టు విప్పాడు. కాసేపటికి వేలు పైకెత్తుకుని బయటికొచ్చాడు. వేలంతా పసుపు.

"ఎవురప్పా ఈడ పెండ్లి చేసింది?"

గుంత మూలలో పసుపు ముద్ద గట్టిపడి ఉంది. అందులో అక్షింతలు నలిగి అప్పచ్చులయ్యాయి. ఎక్కడ బాగా మెరుస్తుందో అక్కడే బొట్టు పెట్టాను మరి! ఆ కాస్త మందానికే షాఫ్టు ఒకవైపు ఒరిగింది. సిగ్గుతో నా చెవులు వేడెక్కాయి. నిజం చెప్పాలంటే, సిగ్గుకన్నా ముందొచ్చింది సంతోషం. పని చెడలేదు. తుడిస్తే పోయేదే.

"తప్పయిపోయిందినా" అన్నాను.

"బోల్టులు మాత్రం బాగా బిగించినావులే" అంటూ ఆయన కిరసనాయిలు గుడ్డతో గుంత తుడిచాడు. వేలికున్న పసుపును మాత్రం తుడుచుకోలేదు. ఫ్లాంజి బయటి అంచుకు ఆయనే బొట్టు పెట్టాడు. "మొక్కుకో. మొక్కేది ఈడ."

మళ్ళీ బయలుదేరినప్పుడు అదురు తెలిసేలా ఇంజను మూత మీద నీళ్ళ సీసా పెట్టుకుని, రోడ్డు కంటే దాన్నే ఎక్కువ చూశాను. నీళ్ళు కొంచెమే కదిలాయి. పుత్తూరు రోడ్డు మీద ఒక్కడినే గట్టిగా నవ్వుకున్నాను.

తోట దగ్గర అక్క పొద్దుటినుంచీ గేటు దగ్గరే నిలబడి ఉందట. కాయలెక్కించాక పళ్ళెంలో పసుపు కుంకుమ తెచ్చింది. లారీ ముందర బొట్లు పెట్టి, చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని బండి కిందికి వంగింది.

"కొత్తగా వేసింది యాడుండాది రా? దానికీ పెడతాను."

"అక్కా! నీకు దండం పెడతా, దాని జోలికి పోవద్దు" అని అరిచాను.

ఫ్యాక్టరీలో ఆఖరి గంప దించుకుని, చీటీ మీద ముద్ర కొట్టిన తర్వాతే ఎందుకు అరిచానో, నాతోపాటే బండిలో వచ్చిన అక్కకు చెప్పాను. చెబుతుంటే ఆమె నవ్వుతూనే ఏడ్చేసింది. నేనూ అంతే.