పెద్ద ప్యాకెట్టు, చిన్న గ్లాసు

2022 మే నెల. మల్కాపురంలో మా మెడికల్ షాపు ఉన్న వీధిలో మిట్టమధ్యాహ్నం మనిషి కనిపించడు. రిఫైనరీ వాసన మాత్రం వేళాపాళా లేకుండా తిరుగుతూ ఉంటుంది. ఎండలు ముదిరాయంటే నా కౌంటర్ దగ్గరికి వచ్చేవాళ్ళలో సగం మంది చంటిపిల్లల తల్లులే. అందరిదీ ఒకటే గోడు, నీళ్ళ విరేచనాలు.

మాది కొట్ల వంశం. నాన్నది కిరాణా, పెద్దనాన్నది బట్టలకొట్టు, మేనమామది ఇనపసామాను. నేను ఫార్మసీ చదివి మందులకొట్టు పెట్టాను గానీ నాలుక మాత్రం కిరాణాదే. పురిటి నొప్పులు పడుతూ నర్సింగ్ హోమ్ వాళ్ళతో గది అద్దె తగ్గించమని బేరమాడానని మా ఆయన ఇప్పటికీ నలుగురిలో చెప్పి నవ్విస్తాడు. అబద్ధం కాదు. తగ్గించారు కూడా.

ఆ నాలుకతోనే తల్లులకి ఓఆర్‌ఎస్ పాఠం చెప్పేదాన్ని. ఓఆర్‌ఎస్ అంటే విరేచనాలతో ఒంట్లోంచి పోయిన నీటినీ లవణాలనూ తిరిగి నింపే పొడి. మావైపు తల్లులకి ఒక అలవాటుంది. ప్యాకెట్టు చించి చిటికెడు చిటికెడు పాలసీసాలో కలుపుతారు, మిగిలింది మడిచి డబ్బా కింద దాస్తారు. ఎంత పొడికి ఎన్ని నీళ్ళో లెక్కే ఉండదు. అందుకని నేనొక స్టీలు గ్లాసు చూపించి, “ప్యాకెట్టుకి గ్లాసు, గ్లాసుకి ప్యాకెట్టు” అని అందరిచేతా పలికించేదాన్ని. నా దగ్గరుండేవి చిన్న ప్యాకెట్లు, సరిగ్గా గ్లాసుడు నీళ్ళకే చేసినవి. వీధిలో పిల్లలు ఆటల్లో కూడా ఆ మాట అంటుంటే నాకు గర్వంగా ఉండేది.

ఆ వేసవిలో మా స్టాకిస్టు, అంటే మాకు టోకున మందులు వేసే వ్యాపారి, స్కీము పెట్టాడు. స్కీమంటే పెట్టె కొంటే పైన కొన్ని ఊరికే ఇవ్వడం. అది లీటరు ప్యాకెట్ల మీద. ఆ ప్యాకెట్టు ఒక్కటి చిన్నవి ఐదింటితో సమానం, దాన్ని లీటరు నీళ్ళలోనే కలపాలి. ఆ మనిషిని అరగంట నలిపి నలిపి స్కీము మీద ఇంకో స్కీము లాగాను. చిన్న ప్యాకెట్లు అయిపోతే మళ్ళీ తెప్పించలేదు. పెద్దవి పెట్టెలకొద్దీ ఉండగా చిన్నవెందుకు?

గౌరి మా వీధి చివరి గదిలో అద్దెకుండేది. ఇరవై ఏళ్ళు దాటి ఉండవు. పార్వతీపురం వైపు పల్లె నుంచి వచ్చింది. భర్త పోర్టులో కాంట్రాక్టు పనికి వెళ్ళేవాడు, అత్త వాళ్ళతోనే ఉండేది. కూతురికి పది నెలలు. అంతకు నెల ముందు ఒకసారి పిల్లకి విరేచనాలైతే చిన్న ప్యాకెట్లిచ్చి పాఠం చెప్పాను. రెండు రోజుల్లో తేరుకుంది. అప్పటినుంచి నేనంటే గౌరికి గురి.

మేలో మళ్ళీ వచ్చింది.

“అక్కా, గుంటకి మళ్ళీ పట్టుకున్నాయి. పోయినసారి పొడే ఇయ్యి. రెండు.”

“రెండెందుకే? ఇది పెద్దది. ఒకటి పట్టుకెళ్ళు, నీకే లాభం.”

“లాభమైతే నువ్వెందుకిస్తావు? తగ్గించి ఇయ్యి మరి.”

“ఓలమ్మ! నాకే బేరమా? నా కొట్లో కూకుంటావేటి?”

ఇద్దరం నవ్వుకున్నాం. వెనకాల ఇంకెవరో చీటీ పట్టుకుని నిలబడి ఉన్నారు. ఆ చీటీ అందుకుంటూనే అడిగాను.

“కలపడం తెలుసు కదా?”

“తెలుసక్కా. ప్యాకెట్టుకి గ్లాసు.”

“శభాష్,” అన్నాను.

మర్నాడు పొద్దున్నే వచ్చింది. మొహం వెలిగిపోతోంది.

“బాగా తాగతంది అక్కా. గ్లాసు అయిపోతే సాలు, ఏడుపే. ఇంకో రెండు ఇయ్యి బేగి.”

“తాగనీ. ఎంత తాగితే అంత మంచిది.”

లీటరు నీళ్ళలో కలిపితే ఆ ప్యాకెట్టు పది నెలల పిల్లకి రోజంతా వస్తుంది. ఒక్క పూటలో ఎలా అయిపోయింది? కొట్టుమనిషికి రావలసిన మొట్టమొదటి అనుమానం అది. ఏ ఇంట్లో సబ్బు ఎన్నాళ్ళకి అరుగుతుందో చెప్పగలిగే దాన్ని. సరుకు పోతోందన్న సంతోషంలో నాకది తట్టలేదు.

మూడోనాడు తెల్లవారేసరికి పిల్లకి ఫిట్స్ వచ్చాయి. పెద్దాసుపత్రిలో పిల్లల వార్డుకి తీసుకెళ్ళారు. ఒంట్లో ఉప్పు హద్దు దాటిపోయి మెదడుకి తగిలిందన్నారు. ఐదింతల చిక్కటి నీళ్ళు. ఉప్పుకి దాహం, దాహానికి మళ్ళీ అదే ఉప్పు. పిల్ల ఆబగా తాగింది కోలుకుంటూ కాదు, దాహంతో. ఇంకో రెండు రోజులు కొట్టుమిట్టాడి చనిపోయింది.

ఆ మర్నాడు గౌరి అత్త చించిన ప్యాకెట్లు మూడూ తెచ్చి కౌంటర్ మీద పెట్టింది.

“ఇవి నీ కొట్టువేనా?”

“నావే.”

“సిక్కగా కలిపీసిందంతన్నాడు డాకటరు. ఎన్ని నీళ్ళు పొయ్యాల?”

బేరంలో చిక్కుకున్నప్పుడు తప్పించుకునే మాట మా వంశంలో ఎవరికీ వెతుక్కోనక్కర్లేదు. “లీటరు. ప్యాకెట్టు మీద రాసే ఉంది కదమ్మా,” అన్నాను. నిజంగానే రాసి ఉంది, చీమ తలకాయంత ఇంగ్లీషు అక్షరాల్లో.

“అదే అనుకున్నాను. నా కోడలే గుంటని సంపీసింది,” అని వెళ్ళిపోయింది. నేను వెనక్కి పిలవలేదు.

తొమ్మిది రోజులు పిలవలేదు. పదో రోజున ఆ గదికి వెళ్ళాను. గౌరి గోడకి చేరబడి కూర్చుని ఉంది. అత్త బియ్యం ఏరుతోంది. నిలబడే చెప్పాను, కూర్చుంటే చెప్పలేనని భయం. “తప్పు గౌరిది కాదు. గ్లాసని నేర్పింది నేను. పెద్ద ప్యాకెట్టు ఇచ్చినప్పుడు మాట మార్చలేదు. అది గ్లాసని అంటే శభాష్ అన్నాను.”

అత్త చేట కింద పెట్టింది. “ఇప్పుడొచ్చినావా సెప్పడానికి? ఇన్ని రోజులు నాను దీన్ని సంపుకు తిన్నాను. ఊరంతా సెప్పీసినాను. ఆ మాటలు ఎవులు ఎనక్కి తెత్తారు? నువ్వు తెత్తావేటి?”

గౌరి తలెత్తలేదు గానీ మాట్లాడింది.

“నాను రుచి సూసినానక్కా. సముద్రం నీళ్ళలాగున్నాయి. పోయినసారి అలగ లేవు. తేడా తెలిసింది నాకు. మందు కదా, నువ్విచ్చినావు కదా అని ఊరుకున్నాను.”

తిట్టి ఉంటే బాగుండేది. ఆ నెలాఖరుకి దాని భర్త దాన్ని పుట్టింట్లో దింపి వచ్చాడు.

ఇప్పుడు నా దగ్గరికొచ్చే తల్లులకి ఏ పాఠమూ పలికించను. ప్యాకెట్టు వెనక్కి తిప్పి, నీళ్ళ కొలత ఎక్కడుందో వేలుపెట్టి చూపించి, పెన్నుతో తెలుగులో పెద్దగా రాసిస్తాను. లీటరుదైతే నిండు లీటరు సీసాతో కొలిచి, కాచి చల్లార్చిన నీళ్ళలో ప్యాకెట్టు మొత్తం ఒక్కసారే కలపమంటాను. చెంచాతో కొద్దికొద్దిగా పట్టమంటాను. తల్లిపాలు మానొద్దని, ఒకరోజు దాటితే మిగిలింది పారబొయ్యమని చెప్తాను. ముందు మీరు రుచి చూడండి, కన్నీళ్ళకన్నా ఉప్పగా ఉంటే పిల్ల నోట్లో పొయ్యకండి, నేనిచ్చినా సరే, డాక్టరిచ్చినా సరే అంటాను. కళ్ళు లోపలికి పోయినా, మూత్రం రాకపోయినా, పిల్ల మగతగా ఉన్నా నా కొట్టుకి రావద్దు, తిన్నగా ఆసుపత్రికి వెళ్ళమంటాను. “ఏటక్కా, అమ్ముకునేదానివి రావద్దంతావు!” అని నవ్వుతారు.

ఇదీ నేను నేర్చుకున్నది. నేర్చుకోవడానికి పట్టిన ధర నేను కట్టలేదు.

గౌరికి ఇంకో బిడ్డ పుట్టాడని పోయినేడు దాని ఊరివాళ్ళొకరు చెప్పారు. వాడికి విరేచనాలైతే గౌరి వాడి నోట్లో ఏమీ పొయ్యదట. పొడి మాట ఎత్తితే ఎత్తినవాళ్ళ మీద పడుతుందట. ఎవరైనా వాడికి గ్లాసుతో నీళ్ళు పట్టబోయినా తోసేస్తుందట. అలా నీళ్ళు లేకుండా ఎండబెట్టడం పిల్లవాడి ప్రాణానికే ముప్పు. పట్టాలి, సరిగ్గా కలిపి పట్టాలి. ఆ మాట దానికి ఎవరో ఒకరు చెప్పాలి. ఆశా కార్యకర్త చెప్పి చూసిందట, వినలేదట. ఒకప్పుడు ఈ విషయంలో అది విన్నది ఒక్క నా మాటే.