కుడిచేతి ముద్ద

పక్షవాతం వచ్చి నా కుడిచెయ్యి పడిపోయాక, మా ఆయన నాకు అన్నం తినిపించడం మొదలుపెట్టారు. పాపం, మంచి మనిషే. అన్నం కలపడం మాత్రం రాదు. పప్పు, కూర, పచ్చడి అన్నీ ఒక్కసారే కుమ్మేసి, నోట్లో పట్టనంత ముద్ద చేసి, "ఊఁ, నోరు తెరువు" అంటారు. "నేనేమన్నా చంటిపిల్లనా?" అని కసురుకుంటాను. కసురుకుని నోరు తెరుస్తాను. తెరవక ఏం చేస్తాను?

ఎడమచేత్తో తినొచ్చుగా అంటారు అందరూ. చెంచాతో తింటే ఏం పోయింది అంటారు. నా వల్ల కాదు. ఎడమచెయ్యి కంచంలో పెడితే నాకు ముద్ద దిగదు, అంతే. చర్చిలో ప్రభువు బల్ల దగ్గరా అదే గొడవ. రొట్టె ముక్కను ఎడమచేత్తో అందుకోలేక వెళ్ళడమే మానేశాను. "దేవుడు ఏ చెయ్యో చూడడమ్మా" అన్నారు పాస్టరుగారు. దేవుడు చూడకపోవచ్చు. వెనక బెంచీల వాళ్ళు చూస్తారుగా!

అందుకే అబిడ్స్‌లో ఫిజియోథెరపీ చేయించే అమ్మాయి మొదటిరోజు "ఆంటీ, మీకు ముందుగాల ఏం చెయ్యాలని ఉంది?" అని అడిగితే, నడవాలని అనలేదు నేను. "నా అన్నం నా కుడిచేత్తో నేనే కలుపుకుని తినాలి" అన్నాను.

నాంపల్లి స్టేషను వెనక మా ఇంటి నుంచి అబిడ్స్ ఎంత దూరం గనక? బాగున్న మనిషైతే నడిచే పోవచ్చు. మాకు మాత్రం అదో పెద్ద ప్రయాణం. ఆటో ఎక్కించడానికి మా ఆయన నన్ను చంకల కింద పట్టుకుని లేపాలి. దిగాక, క్లినిక్కు పై అంతస్తులో కాబట్టి, కింద చెప్పుల షాపు పక్కనున్న లిఫ్టు పనిచేస్తోందో లేదో చూసుకోవాలి. నాంపల్లిలో నుమాయిష్ ఎగ్జిబిషన్ జరిగే రోజుల్లోనైతే ట్రాఫిక్కులో, ఆటోలోనే నడుం పట్టేసేది. ఇంటికొచ్చేసరికి ఇద్దరికీ మాట్లాడుకునే ఓపిక కూడా ఉండేది కాదు. ఇంతా చేసి, నెలలు గడిచినా చెయ్యి ఒళ్ళో అలాగే పడి ఉండేది. బంతి పట్టుకోమంటారు, పట్టదు. గ్లాసు ఎత్తమంటారు, ఎత్తదు. నిజం చెప్పొద్దూ, బతుకు మీదే విసుగొచ్చింది నాకు.

అలాంటప్పుడు వచ్చింది, ఆ కళ్ళకు కట్టే పెట్టె. వీఆర్ అంటారట. నల్లటి డబ్బాను నా కళ్ళకు అడ్డంగా పెట్టి, తల వెనక పట్టీ బిగించింది అమ్మాయి.

"జుట్టు పీకుతోందమ్మా!"

"జర ఓపిక పట్టండి ఆంటీ, అయిపోయింది."

గది మాయమైంది. ఎదురుగా పళ్ళకొట్టు, దాని వెనక నేను. నావేనట, రెండు చేతులు కనిపిస్తున్నాయి. ముడతల్లేవు, గాజుల్లేవు. పెళ్ళికాని పిల్ల చేతుల్లా ఉన్నాయి. నవ్వొచ్చింది, వెంటనే ఏడుపూ వచ్చింది.

"ఫస్ట్ మంచిగున్న చేతితోని ఆడండి, ఆట సమజైతది. కుడిచెయ్యి తర్వాత చూద్దాం. ఎడమచేతితోని పండు తీస్కొని కొట్టు కాడికొచ్చేటామెకు ఇయ్యండి."

చీర కట్టుకున్న బొమ్మ మనిషి ఒకామె కొట్టు ముందుకొచ్చి చెయ్యి చాపింది. ఎడమచేత్తో ఆపిల్ తీశాను. తీశాను గానీ ఇవ్వలేకపోయాను. ఎదురుగా మనిషి చెయ్యి చాపి నిలబడితే ఎడమచేత్తో ఎలా ఇస్తాం? బొమ్మేనని తెలుసు. అయినా చెయ్యి ముందుకు పోదే! "ఉండమ్మా, ఉండు" అని ఆ బొమ్మతోనే చెప్పి, పండును కుడిచేతిలోకి మార్చుకోబోయాను.

"ఆంటీ!" అని అరిచింది అమ్మాయి. "నేను ఎడమది అన్న కదా! మీరు కుడిది లేపిన్రు!"

డబ్బా తీయించుకుని చూశాను. కుడిచెయ్యి ఒళ్ళోంచి పైకి లేచి వణుకుతోంది. వేళ్ళు ముడుచుకునే ఉన్నాయి. అయినా లేచింది! మా ఆయన గోడవైపు తిరిగి ముక్కు చీదుకున్నారు. చూస్తుండగానే చెయ్యి మళ్ళీ కిందపడింది. ఇంకోసారి లేపమంటే లేవలేదు.

"మెల్లగ అయితది ఆంటీ, ఫికర్ చెయ్యకండి" అంది అమ్మాయి.

"ఎప్పటికి?" అన్నాను. "గది నాకూ తెల్వదు ఆంటీ" అంది. అబద్ధం చెప్పనందుకు ఆ పిల్ల మీద గౌరవం కలిగింది.

ఆ తర్వాత చాలాసార్లు వెళ్ళాం. బొమ్మలకు పళ్ళు ఇచ్చి ఇచ్చి, చెయ్యి కాస్త ముందుకు చాచడం వచ్చింది. వేళ్ళు కొంచెం విచ్చుకున్నాయి. అక్కడితో ఆగింది.

ఒకరోజు అబిడ్స్ నుంచి వచ్చి కూలబడ్డాక, మా ఆయన కంచం తెచ్చి కలపబోయారు.

"ఉండండి" అన్నాను.

"ఇవాళొద్దులే, అలిసిపోయి ఉన్నావు."

"అవును, అలిసిపోయాను. మీ ముద్దలు తిని తిని అలిసిపోయాను."

ఆయన కంచం నా వైపు జరిపారు. చేతిని బల్ల మీదికి ఈడ్చి అన్నంలో పెట్టాను. చురుక్కుమంది. వేళ్ళను దగ్గరికి తేవాలని పళ్ళు బిగపట్టాను. రాలేదు. మెతుకులు బల్ల మీద పడ్డాయి, చీర మీద పడ్డాయి. పప్పు మణికట్టు దాకా పాకింది. ఆయన చెయ్యి ముందుకొచ్చి, మళ్ళీ వెనక్కి పోయింది. చివరికి నాలుగు మెతుకులు వేళ్ళ సందుల్లో నిలిచాయి. చేతిని పైకి లాగాను. కంచం అంచు దాటి లేవలేదు.

నేనే వంగాను. చెయ్యి నోటిదాకా రాకపోతే, నోటినే చేతిదాకా తీసుకెళ్ళాను. కంచంలోకి తల దించి, నా వేళ్ళ మీది మెతుకులు నేనే తిన్నాను.

"ఎలా ఉంది?" అన్నారు ఆయన.

"పప్పులో ఉప్పు లేదు" అని, మళ్ళీ వంగాను.